ఆగ్నేయ మూలలో రౌటరు

ముప్ఫై ఆరేళ్ళు రక్షణ లెక్కల శాఖలో పని చేశాను. మీరట్, జబల్‌పూర్, పూణే తిరిగి చివరికి సికిందరాబాదులో రిటైరయ్యాను. ఓచరు లేకుండా బిల్లు వస్తే వెనక్కి పంపడమే మా వుద్యోగం. రిటైరయ్యాక సాయంకాలాలు హేతువాద మిత్రులతో కూర్చుని, ఆధారం లేకుండా మాట్లాడే వాళ్ళని ఎద్దేవా చెయ్యడం నా కాలక్షేపాల్లో ఒకటి. అలాంటి నేను 2024 నవంబరులో ఒక కుర్రాడి మీద, ఒక్క ఆధారం కూడా లేకుండా, రెండు పేజీల ఫిర్యాదు రాసి సంతకం పెట్టాను. దాని వల్ల ఆ నెల అతని జీతంలో 1,500 రూపాయలు కోత పడింది. నా వుత్తరం తప్పని తెలుసుకోడానికి నాకు దాదాపు నెల రోజులు పట్టింది. ఆ నెలలో నేను తిరగేసిన పాత చరిత్రే ఈ వ్యాసం.

సంగతేమిటంటే, మా ఇంట్లో ఫైబర్ ఇంటర్నెట్ వుంది. అక్టోబరు చివరి నుంచి రోజూ సాయంత్రం ఏడున్నర, ఎనిమిది మధ్య అది ఆగిపోవడం మొదలెట్టింది. ఆగిపోవడం అంటే పూర్తిగా కాదు, అదే విచిత్రం. మా ఆవిడ అమెరికాలో వున్న చెల్లెలితో వీడియోలో మాట్లాడుతూనే వుంటుంది, ఆ మాట తెగదు. అదే సమయంలో నేను ఏదన్నా కొత్త పేజీ తెరవబోతే తెరుచుకోదు. రౌటరు మీద లైట్లన్నీ పచ్చగానే వుంటాయి. రౌటరు ఆపి మళ్ళీ వేస్తే బాగవుతుంది. కాసేపటికో, మర్నాటికో మళ్ళీ మొదలు. జవాబంతా ఈ నాలుగు లక్షణాల్లోనే వుంది. నా కళ్ళ ముందే వుంది. నేను చూడలేదు.

లైన్‌మన్ కుర్రాడు మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ చిన్న మీటరు ఒకటి తీగకి తగిలించి నాకు చూపించాడు. "లైన్ల ఏం లేదు సార్, మైనస్ 19 వస్తుంది. మైనస్ 27 దాటితే గద పరేషాన్. మీ ఇంట్లనే ఏమన్న ఎక్కువ నడుస్తుందేమో ఒకసారి చూడుండ్రి" అన్నాడు. మైనస్ 19 అనేది తీగలో వచ్చే వెలుగు బలం. అంకె చెప్పాడు, హద్దు చెప్పాడు, మీటరు చూపించాడు. ఒక ఆడిటరుకి అంతకంటే ఏం కావాలి? కానీ తప్పు మా ఇంట్లో వుందనడం నాకు నచ్చలేదు. నాలుగోసారి ఆగిపోగానే, అంటే నవంబరు 11న, తారీఖులతో సహా అతని "నిర్లక్ష్యం" మీద మా ఏరియా ఆపరేటరుకి ఫిర్యాదు ఇచ్చేశాను.

ఇంతలో మా పక్కింటాయన రంగప్రవేశం చేశాడు. పెద్దమనిషి, మంచివాడు, కానీ వాస్తు పిచ్చి. రౌటరు ఈశాన్యంలో వుంది, విద్యుత్తుతో నడిచే వస్తువు అగ్నికి సంబంధించింది, అంచేత ఆగ్నేయంలో వుండాలన్నాడు. నవంబరు 15, శుక్రవారం, కార్తీక పౌర్ణమి. నేను మిత్రుల దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి మా ఆవిడా ఆయనా కలిసి రౌటరుని ఆగ్నేయ మూలకి మార్చేశారు. ఎనిమిదింటికి మార్చారు. మార్చిన మరుక్షణం నుంచి ఇంటర్నెట్ భేషుగ్గా పనిచేసింది. శనివారం ఇబ్బంది లేదు. ఆదివారం ఇబ్బంది లేదు. "ఇప్పుడేమంటారు?" అన్నట్టు మా ఆవిడ నావైపు చూసింది. ఏమీ అనలేకపోయాను. సోమవారం సాయంత్రం ఏడూ యాభైకి మళ్ళీ ఆగింది. పక్కింటాయన వచ్చి చూసి, మూల సరిగ్గా కుదరలేదు, అడుగున్నర దక్షిణంగా జరగాలన్నాడు.

ఆ అడుగున్నరతో నాకు బుద్ధి వచ్చింది. ఆయన చేసిందేమిటి? ఒక పని చేశాడు, తర్వాత ఫలితం వచ్చింది, కాబట్టి పని వల్లే ఫలితం అన్నాడు. ఫలితం పోతే సిద్ధాంతాన్ని వదల్లేదు, అడుగున్నర జరిపాడు. మరి నేను చేసిందేమిటి? లైన్‌మన్ వచ్చి వెళ్ళాడు, ఇంటర్నెట్ మళ్ళీ ఆగింది, కాబట్టి లైన్‌మన్ పనికిమాలినవాడు అన్నాను. ఆయనది వాస్తు, నాది ఫిర్యాదు. రెంటికీ ఓచరు లేదు. ఆ రాత్రే ఒక కొత్త రిజిస్టరు తెరిచాను.

రిజిస్టరు సంగతి తర్వాత చెబుతాను. ముందు చరిత్ర. లైను బాగుండగానే కనెక్షన్ పడుకోవడం మా ఇంటితో మొదలవలేదు.

1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకీ, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య వున్న లైను కూలబడింది. రెండిటికీ మధ్య దూరం 400 గజాలు. మామూలుగా సెకనుకి 32,000 బిట్లు పోయే దారిలో సెకనుకి 40 బిట్లు పోవడం మొదలైంది. అంటే 800వ వంతు. కాయితం మీద రాసి మనిషి చేత పంపినా అంతకంటే త్వరగా చేరుతుంది. తీగ తెగలేదు, యంత్రం చెడలేదు. వాన్ జేకబ్‌సన్ అనే శాస్త్రవేత్త, మైక్ కారెల్స్ కలిసి దీని మీద కూర్చున్నారు. తేలిందేమిటంటే, ప్రతి కంప్యూటరులోనూ ఒక నియమం వుంది: పంపిన ముక్కకి రసీదు రాకపోతే మళ్ళీ పంపు. మనిషైతే రెండుసార్లు పంపి విసుగొచ్చి మానేస్తాడు. ప్రోగ్రాముకి విసుగు లేదు. దారి కాస్త నిండగానే రసీదులు ఆలస్యమయ్యాయి, ఆలస్యమవగానే అందరూ మళ్ళీ పంపారు, దాంతో దారి ఇంకా నిండింది. దారి నిండా పోతున్నవన్నీ పాత వుత్తరాల నకళ్ళే.

నిజానికి ఈ ప్రమాదాన్ని జాన్ నేగల్ 1984 జనవరిలోనే రాసి పెట్టాడు. ఎవరు చదువుతారు? (మా శాఖలో కూడా ఆడిట్ అభ్యంతరాలు కుంభకోణం బయటపడ్డాక చదివేవారు.) జేకబ్‌సన్ పరిష్కారం 1988లో వచ్చింది. దాని సారాంశం మర్యాద. మొదట నెమ్మదిగా పంపు, రసీదులు వస్తుంటే పెంచు, రాకపోతే సగానికి తగ్గు. ఈ రోజుకీ మన ఫోన్లు, కంప్యూటర్లు దాని సంతతి నియమాల మీదే నడుస్తున్నాయి. నాకు ఇందులో నచ్చింది వేరే. 400 గజాల దూరంలో వున్న రెండు సంస్థలు ఒకరినొకరు నిందించుకోవడం ఎంత తేలిక! అతను నిందించే బదులు, ఏ ముక్క ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది అని గ్రాఫు గీశాడు.

మా ఇంటి కథకి మూలం మాత్రం ఇంకో చోట వుంది, 1994 మేలో. అప్పటికి ఇంటర్నెట్ పెద్దలకి ఒక బెంగ పట్టుకుంది. చిరునామాలు సరిపోవు. 32 బిట్ల చిరునామాలంటే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. తొలిరోజుల్లో వాటిని అడిగిన సంస్థకల్లా దోసిళ్ళతో పంచారు. కొన్ని సంస్థలకి ఒక్కోదానికి కోటిన్నర పైన దక్కాయి. ఈ ఇబ్బంది తీరే దాకా తాత్కాలికంగా వుంటుందని షెల్ ఎగేవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఒక వుపాయం రాశారు. లోపల ఎన్ని యంత్రాలున్నా బయటికి కొద్ది చిరునామాలే కనపడేలా గుమ్మంలో ఒక గుమాస్తాని పెట్టడం. దాన్నే నాట్ అంటారు. తర్వాత పోర్టు నెంబర్లు కూడా కలిపి, ఇల్లంతటికీ ఒకే ఒక్క చిరునామా చాలేలా చేశారు.

ఆ గుమాస్తా చేసే పని మా డాక్ సెక్షన్ పనే. లోపల్నుంచి ఏ ఫోను బయటికి వుత్తరం రాసినా, రౌటరు దాని మీద లోపలి చిరునామా కొట్టేసి ఇంటి చిరునామా వేస్తుంది. పక్కన ఒక నెంబరు వేస్తుంది. ఆ వివరాన్ని తన రిజిస్టరులో ఒక వరసలో ఎక్కిస్తుంది. బయట్నుంచి జవాబు రాగానే నెంబరు చూసి, రిజిస్టరు తిప్పి, ఎవరిదో వారికి అందజేస్తుంది. పని అయిపోయింది అని ఇద్దరూ చెప్పుకుంటే ఆ వరస కొట్టేస్తుంది. చెప్పకుండా వెళ్ళిపోతే? అక్కడే చిక్కు. వరస అలాగే వుండిపోతుంది, గడువు తీరే దాకా.

ఆ గడువు ఎంతో చూసి నేను నవ్వుకున్నాను. చవక రౌటర్లలో చాలా వాటి లోపల వుండేది లినక్సే. అందులో తెరిచిన కనెక్షన్ ఒకటి నోరెత్తకుండా వుంటే, దాన్ని ఎన్నాళ్ళు వుంచాలి అన్నదానికి మొదటి నుంచీ ఇచ్చిన అంకె 4,32,000 సెకన్లు. అంటే అయిదు రోజులు. 2008లో వచ్చిన నియమావళి ప్రకారం కనీస గడువు రెండు గంటల నాలుగు నిమిషాలే. లెక్కల వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. సస్పెన్స్ ఖాతా! ఎక్కడికి చెందుతుందో తేలని పద్దుని తాత్కాలికంగా అందులో వేస్తాం. వేసిన వాడు బదిలీ అవుతాడు, వచ్చినవాడు రిటైరవుతాడు, పద్దు మాత్రం అలాగే వుంటుంది. నేను చేరినప్పుడు చూసిన సస్పెన్స్ పద్దు ఒకటి నేను రిటైరయ్యే నాటికి నాకంటే పెద్ద వయసులో వుంది.

1994 నాటి కాయితంలో ఇంకో మాట వుంది. ఏ సమయంలోనైనా లోపలి యంత్రాల్లో చాలా కొద్ది శాతమే బయటితో మాట్లాడుతుంటాయి అన్నది వాళ్ళ అంచనా. ఆనాటికి సరైన అంచనాయే. మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు సామాన్యులకి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. ఫోను లైను మీద మోడెము కీచుమని అరిచి కలిసేది, ఇంటికొక్క కంప్యూటరు, గంట లెక్కన డబ్బు. పనవగానే కట్ చేసేవాళ్ళం. 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానంలో సెకనుకి 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బ్యాండే అన్నారు. 2005 జనవరిలో ప్రభుత్వ టెలిఫోను సంస్థ దాన్ని ఇళ్ళకి ఇచ్చినప్పుడు కూడా చాలా ఇళ్ళలో ఒక కంప్యూటరు, దాని ముందు ఒక మనిషి. మనిషి నిమిషానికి ఎన్ని పేజీలు తెరవగలడు? రౌటరు రిజిస్టరులో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని వరసలు.

ఆ అంచనాని తలకిందులు చేసింది మనుషులు కాదు, మనిషి అవసరం లేకుండా తిరిగే ప్రోగ్రాములు. 2001లో బ్రామ్ కోహెన్ తయారుచేసిన బిట్‌టొరెంట్ ఒక ఫైలు కోసం వందల మంది ఇళ్ళతో ఒకేసారి మాట్లాడుతుంది. ఆ రోజుల్లో నీలం రంగు లింక్‌సిస్ రౌటర్లు ప్రపంచమంతా ఇళ్ళలో వుండేవి. టొరెంటు పెట్టిన ఇంట్లో అవి బిగుసుకుపోయేవి, ఎందుకంటే వదిలేసిన పాత కనెక్షన్లని అయిదు రోజుల పాటు మోసేవి. రోజూ రాత్రి రౌటరు ఆపి వేసుకోవడం అప్పట్లో చాలా మందికి సంధ్యావందనం లాంటిది. ఎందుకు వెయ్యాలో తెలీదు, వేస్తే బాగుంటుందని తెలుసు. మంత్రాలు ఇలాగే పుడతాయని నా అనుమానం.

2003లో జరిగిన ఇంకో కథ నన్ను బాగా ఆకట్టుకుంది. ఆ యేడు మే నెలలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సరైన టైము చెప్పే సర్వరు ఒకటి మీద ప్రపంచం నలుమూలల నుంచి ప్రశ్నలు వెల్లువెత్తాయి. అందరూ అడిగేది ఒకటే: టైమెంత? ఎవరో దుర్మార్గులు దాడి చేస్తున్నారనుకుని వాటిని అడ్డుకున్నారు. దాడులైతే కొన్ని గంటల్లోనో, రోజుల్లోనో తగ్గుతాయి. ఇది తగ్గకపోగా పెరిగింది. జూన్‌కల్లా సెకనుకి రెండున్నర లక్షల ప్రశ్నలకి చేరింది. అక్కడ పనిచేసే డేవ్ ప్లోంకా పట్టు వదల్లేదు. వస్తున్న వాటిలో ఎక్కువ భాగం ఒకే పోర్టు నెంబరు, 23457, నుంచి బయల్దేరుతున్నాయని గమనించి, ఆ కొస పట్టుకుని వెళ్ళాడు. చివరికి దొరికింది దొంగలు కాదు, నెట్‌గేర్ కంపెనీ చవక రౌటర్లు. వాటిలో ఆ విశ్వవిద్యాలయం చిరునామాని శాశ్వతంగా అచ్చేసి, జవాబు రాకపోతే సెకనుకోసారి అడగమని రాశారు. అలాంటి రౌటర్లు 7 లక్షల పైచిలుకు. వాళ్ళు అడ్డుకున్న కొద్దీ జవాబులు తగ్గాయి, జవాబులు తగ్గిన కొద్దీ ప్రశ్నలు పెరిగాయి. ఆయా ఇళ్ళ వాళ్ళకి ఈ గొడవ సంగతే తెలీదు. వాళ్ళు హాయిగా నిద్రపోతుంటే వాళ్ళ పెట్టెలు రాత్రంతా టైము అడుగుతూ కూర్చున్నాయి.

ఈ కథలు చదివితే తప్పెప్పుడూ ఇంటి వాళ్ళదే అనిపించవచ్చు. అదీ నిజం కాదు. 2007లో అమెరికాలో రాబ్ టొపోల్‌స్కీ అనే ఆయన పాతకాలపు బృందగానాల రికార్డులు టొరెంటు ద్వారా పంచబోతే పని జరగలేదు. కంపెనీ వారు మేమేమీ చెయ్యలేదన్నారు. ఆయన ఇంటర్నెట్ పనుల్లో అనుభవమున్నవాడు కాబట్టి, తీగ మీద పోతున్న ముక్కల్ని పట్టి చూశాడు. అవతలి మనిషి పంపినట్టు కనపడే "ఇక చాలు, ముగించు" అనే సందేశాలు, నిజానికి అవతలి మనిషి పంపనివి, మధ్యలో పుడుతున్నాయి. అసోసియేటెడ్ ప్రెస్ వారు బైబిలు ఫైలుతో అదే పరీక్ష చేసి చూశారు, అదే తేలింది. 2008 ఆగస్టులో అక్కడి నియంత్రణ సంస్థ కామ్‌కాస్ట్ కంపెనీని తప్పుపట్టింది. (2010లో కోర్టు ఆ వుత్తర్వు కొట్టేసింది, అధికారం లేదన్న కారణంతో. జరిగిన సంగతి జరగలేదని కాదు.) అంచేత ముందే ఇంటివాడి వైపో, కంపెనీ వైపో నిలబడి లాభం లేదు. చెడింది తీగా, రిజిస్టరా, మధ్యలో ఎవరన్నా చెయ్యి పెట్టారా అన్నది ప్రతిసారీ కొత్తగా చూసుకోవాల్సిందే.

ఇక నా రిజిస్టరు.

నవంబరు 18 సోమవారం నుంచి డిసెంబరు 1 ఆదివారం దాకా రెండు వారాలు రాశాను. కాలాలు ఇవి: ఆగిన టైము, లైట్ల రంగు, అప్పటికే నడుస్తున్నది నడుస్తోందా, కొత్తది తెరుచుకుంటోందా, ఆ సమయానికి ఇంట్లో ఎవరెవరు ఏమేం వాడుతున్నారు. పద్నాలుగు రోజుల్లో ఎనిమిది రోజులు ఆగింది. శని, ఆదివారాలు నాలుగూ ఆగలేదు. మిగిలిన రెండు ఆగని రోజులు నవంబరు 28, 29. గురువారం, శుక్రవారం. ఏమిటి వీటి ప్రత్యేకత? పంచాంగం చూడమని పక్కింటాయన సలహా ఇచ్చాడు. చూసింది కేలండరే, కాకపోతే అమెరికా వాళ్ళది. 28న థాంక్స్‌గివింగ్, మర్నాడు చాలా ఆఫీసులకి సెలవు.

మా చిన్నవాడు ఇంట్లోంచే అమెరికా క్లయింటుకి పనిచేస్తాడు. చివరి కాలంలో ప్రతి ఆగిన రోజూ ఒక వరస వుంది: "బాబు, ఆఫీసు పని, 7.30 నుంచి". ఆగిన టైము ప్రతిరోజూ 7.45కీ 7.55కీ మధ్య.

"నాన్నా, నేనేం సినిమాలు దింపట్లేదు. ఆ ప్రోగ్రాము వాడేది యూట్యూబు వీడియో కంటే తక్కువ" అన్నాడు. నిజమే, కొలిచి చూపించాడు. వాడిది క్లయింటు వెబ్‌సైటులో వున్న వేలాది లంకెలు బతికే వున్నాయా, చచ్చాయా అని వరసగా తట్టి చూసే ప్రోగ్రాము. ఈమధ్య కోడు రాయడానికి కూడా కృత్రిమ మేధ సహాయం తీసుకుంటున్నారు కదా, ఇదీ అలా రాయించిందే. బాగానే రాసింది. కాకపోతే త్వరగా అవ్వాలని ఒకేసారి రెండు వందల తలుపులు తట్టేలా పెట్టింది. జవాబు ఆలస్యమైన తలుపుని మూయకుండానే పక్కన పడేసి ఇంకోటి తెరిచేది. పోయే డేటా తక్కువే. తెరిచే వరసలు ఎక్కువ. మేమిద్దరం కొలుస్తున్న వస్తువులే వేరు. వాడు గోడౌన్లో సరుకు తూకం చూస్తున్నాడు, నిండింది గేటు దగ్గర రిజిస్టరు.

వాడే రౌటరులోకి వెళ్ళి చూశాడు. మా రౌటరు రిజిస్టరులో 4,096 వరసలు పడతాయి. మూయని తలుపులు నిమిషానికి రెండు వందలు మిగిలితే ఇరవై నిమిషాల్లో 4,000. మా ఫోన్లు, టీవీ, ఇంకేమేమిటో కలిసి మిగతావి. లాగులో ఒక వాక్యం వందలసార్లు వుంది: టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్. పుస్తకం నిండింది, వచ్చిన కాయితం పారేస్తున్నాను అని గుమాస్తా నెల పైగా అరుస్తున్నాడు. మేము ఆ గది తలుపే తియ్యలేదు.

ఇప్పుడు ఆ నాలుగు లక్షణాలు మళ్ళీ చూడండి. మా ఆవిడ వీడియో ఎందుకు తెగదు? దాని వరస పుస్తకం నిండక ముందే ఎక్కింది. నా కొత్త పేజీ ఎందుకు తెరుచుకోదు? రాయడానికి వరస లేదు. (పేజీ పేరుకి చిరునామా అడిగే చిన్న ప్రశ్నకి కూడా ఒక వరస కావాలి, అంచేత మొట్టమొదట అక్కడే ఆగుతుంది.) లైట్లెందుకు పచ్చగా వున్నాయి? తీగ నిక్షేపంగా వుంది కాబట్టి. ఆపి వేస్తే ఎందుకు బాగవుతుంది? ఈ పుస్తకం వుండేది రౌటరు తాత్కాలిక జ్ఞాపకంలో. కరెంటు తియ్యగానే తెల్ల పుస్తకం.

ఆగ్నేయ మూల మహిమ కూడా అదే. రౌటరుని మార్చాలంటే ప్లగ్గు పీకాలి. పీకగానే పుస్తకం ఖాళీ. నెట్ పోయేసరికి మావాడి ప్రోగ్రాము ఆ రాత్రికి చచ్చింది, వాడు విసుక్కుని కంప్యూటరు మూసేశాడు. తర్వాత శని, ఆదివారాలు. సోమవారం మళ్ళీ మామూలే.

అయినా అప్పటికి ఇది కూడా నమ్మకమే, ఇంకా పరీక్షించలేదు. డిసెంబరు 2 నుంచి మూడు రోజులు మావాడు ఆ ప్రోగ్రాముని ఇంటి నుంచి నడపలేదు, క్లయింటు వాళ్ళ యంత్రం మీద నడిపాడు. మూడు సాయంత్రాలూ నెట్ ఆగలేదు. 5వ తారీఖు గురువారం పొద్దున్న పదకొండింటికి, ఎప్పుడూ ఆగని వేళలో, కావాలని నడిపాడు. 11.22కి ఆగింది. అప్పుడు పక్కింటాయన్ని పిలిచాను. మా రౌటరుకి చిన్న బ్యాటరీ యూపీఎస్ వుంది, ఫైబరు తీగ కూడా పొడవుగానే వుంది. కరెంటు తెగకుండా రౌటరుని ఆగ్నేయం నుంచి నైరుతికి, అక్కణ్ణించి ఈశాన్యానికి మోసుకెళ్ళాను. ఏ మూలా పని చెయ్యలేదు. తర్వాత తెచ్చి మళ్ళీ ఆగ్నేయంలోనే పెట్టి, అంగుళం కదపకుండా పది సెకన్లు ఆపి వేశాను. పనిచేసింది. పక్కింటాయన కాసేపు ఆలోచించి, "అంటే మార్చినప్పుడు ఆపాం కాబట్టి" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచే రావడం నాకు ఎంతో సంతోషం. వాస్తు మానేశాడని కాదు, రౌటరు వరకే.

బాగుచెయ్యడానికి అరగంట పట్టింది. రెండు వందల తలుపుల్ని పదికి తగ్గించాడు. ఒకే సైటుకి ప్రతి పేజీకీ కొత్త కనెక్షన్ తెరవకుండా తెరిచిన దాన్నే వాడుకునేలా, వదిలేసేటప్పుడు మూసి వదిలేలా రాయించాడు. 1988లో జేకబ్‌సన్ చెప్పిన మర్యాదే ఇది, వేరే అంతస్తులో. ఇప్పుడు ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు కూడా మా రిజిస్టరులో వరసలు 600 దాటట్లేదు.

అన్నట్టు ఆ జేకబ్‌సనే 2012లో మళ్ళీ కనిపిస్తాడు. 2010లో జిమ్ గెట్టీస్ అనే ఇంజనీరు తన ఇంట్లోంచి పెద్ద ఫైళ్ళు పైకి పంపుతుండగా ఇంటిల్లిపాదికీ నెట్ నత్తనడక నడవడం గమనించి కొలిచాడు. మిల్లీసెకన్లు పట్టాల్సిన చోట సెకను పైన పడుతోంది. తయారీదారులు ఏ ముక్కా పోకూడదని రౌటర్లలో, మోడెముల్లో వెయిటింగ్ హాళ్ళు మరీ పెద్దవి కట్టేశారు. దాంతో ముక్కలు పోవడం లేదు, క్యూలో ముసలివవుతున్నాయి. ముక్క పోకపోవడంతో పంపేవాడికి దారి నిండిందని తెలీదు, 1988 నాటి మర్యాద పనిచెయ్యదు. క్యూ ఎంత పొడవుందో కాకుండా, ముక్క ఎంతసేపు నిలబడిందో చూసి ముందే ఒకటి రెండు పారెయ్యాలని కాథ్లీన్ నికల్స్‌తో కలిసి జేకబ్‌సన్ పద్ధతి చెప్పాడు. ఇప్పుడది చాలా రౌటర్లలో వుంది. మీ ఇంట్లో నెట్ పూర్తిగా ఆగకుండా, ఏదో బ్యాకప్ పైకి పోతున్నప్పుడు మాత్రం ఈడిగిలబడుతుంటే జబ్బు ఇదీ, నాది కాదు. రౌటరు ఆపి వేసినా, బ్యాకప్ మళ్ళీ మొదలవగానే తిరగబెడుతుంది. ఆ తేడాతో గుర్తుపట్టవచ్చు.

ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఇంటి రౌటరు పెద్దది కొన్నా మన దేశంలో బాధ తీరకపోవచ్చు. 2011 ఏప్రిల్‌లో మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పాత చిరునామాల నిల్వ ఆఖరి మూటకి వచ్చేసింది. అంచేత ఇక్కడ చాలా కంపెనీలు తమ దగ్గర ఇంకో పెద్ద గుమాస్తాని పెట్టి, ఒకే చిరునామాని చాలా ఇళ్ళకి పంచుతాయి. ఒక చిరునామాకి పోర్టు నెంబర్లు 65,536. అరవై నాలుగు ఇళ్ళకి పంచారనుకోండి, ఇంటికి 1,024. మన రౌటరులో వరసలు ఎన్నున్నా వాళ్ళ రిజిస్టరులో మన కోటా అంతే. అక్కడ నిండితే మన రౌటరు ఆపి వేసినా వెంటనే బాగవదు. కొత్త 128 బిట్ల చిరునామాల వాడకంలో ఇప్పుడు మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో వుంది. ఈ కరువు వల్లే ముందుకు పోయాం. కానీ పాత చిరునామాలతోనే నడిచే సైట్లు ఇంకా బోలెడు, వాటి కోసం ఈ గుమాస్తాలు తప్పరు.

డిసెంబరు 9న ఆపరేటరు ఆఫీసుకి వెళ్ళి రెండో వుత్తరం ఇచ్చాను. మొదటి వుత్తరం రెండు పేజీలు, ఇది ఒక పేజీ. నా ఫిర్యాదు తప్పు, లోపం మా ఇంట్లోది, లైన్‌మన్ మొదటి రోజే సరిగ్గా చెప్పాడు, అతని నుంచి కోసిన మొత్తం తిరిగి ఇవ్వాలి అని రాసి, రిజిస్టరు నకలు జతపరిచాను. కౌంటరులో వున్నాయన రెండుసార్లు చదివాడు. ఇలాంటి కాయితం ఏ ఫైల్లో పెట్టాలో తెలీక మా ఫిర్యాదు ఫైల్లోనే పెట్టాడు. జనవరి జీతంలో 1,000 రూపాయలు వచ్చాయని ఆ అబ్బాయి చెప్పాడు. మిగతా 500 నేనివ్వబోతే తీసుకోలేదు. "అది వాళ్ళు ఇయ్యాలె సార్, మీరు కాదు" అన్నాడు. ఫిబ్రవరిలో దాని గురించి మూడో వుత్తరం రాశాను. ఇంకా జవాబు రాలేదు.